విరామానికి ముందు కన్నీరు

"వైశాలీ, వచ్చే ఎపిసోడ్‌లో కోడలికి కడుపు పోవాలి," అన్నాడు సుమంత్, పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ.

వైశాలి ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టింది. ఆమె ఇస్త్రీ చేస్తున్నది సీరియల్‌లోని కోడలి చీర. ఆ కోడలి కాపురం ఆస్ట్రేలియాలో, పెర్త్ శివారు హారిస్‌డేల్‌లోని వీరి ఇంట్లోనే. ఆమె ఏడ్చే వంటగది వైశాలి వంటగదే. పెర్త్ తెలుగువారి ఛానెల్ కోసం ఆరేళ్లుగా ప్రతి శనివారం ఇక్కడే చిత్రీకరణ. వారంలో ఐదు రోజులు వృద్ధుల సంరక్షణాలయంలో నర్సుగా పనిచేసి వచ్చి, సంభాషణలు రాసేది వైశాలి; పదిమందికి వండేది వైశాలి; వాళ్లు వెళ్లిపోయాక నేల తుడిచేదీ ఆమే. తెరమీద మాత్రం "కథ, మాటలు, దర్శకత్వం: సుమంత్" అని పడుతుంది. ఒకసారి ఆ ప్రస్తావన తెస్తే అత్తగారు చాముండేశ్వరి పకపకా నవ్వింది. "మొగుడి పేరు పడితే నీ పేరు పడ్డట్టు కాదటే? రేపు అంట్లు తోమినందుకు కూడా పేరు వేయమంటావు."

నిజానికి ఆ సీరియల్‌ను ఇప్పుడు చూసేవారు లేరు. మొదటి ఏడాది వేలల్లో ఉన్న ప్రేక్షకులు రెండు వందలకు దిగారు. వారిలో సగం మంది నటీనటుల బంధువులే. అయినా అది ఆగలేదు. మసాలాల దుకాణం వారి పొట్లం వంటగట్టు మీద కనబడాలి. ఇళ్లు అమ్మిపెట్టే యోగానంద్ ముఖం తెలుగు టీవీలో వెలగాలి. ప్రకటన ఇచ్చినవాడు దానిని తానే చూసుకొని, తన వాళ్లకు చూపించుకొని, మురిసిపోయి మళ్లీ ఇస్తాడు. అందుచేత వైశాలికి నేర్పబడిన రచనాసూత్రం ఒక్కటే: ఎపిసోడ్‌కు మూడు విరామాలు, ప్రతి విరామానికి ముందు కోడలి కన్నీరు. ఒకసారి సాహసించి ఆ కోడలికి ఉద్యోగం ఇప్పించింది. "ఆ అమ్మాయి హ్యాపీగా ఉంటే జనం టీ పెట్టుకోవడానికి లేచిపోతారమ్మా. నా యాడ్ ఎవరు చూస్తారు?" అన్నాడు యోగానంద్. మరుసటి వారమే ఆ ఉద్యోగం ఊడింది.

"ఇప్పుడు కడుపెందుకు పోవాలి?" అని అడిగింది వైశాలి.

"పిల్లల కోసం ట్రీట్‌మెంట్ ఇచ్చే క్లినిక్ ఒకటి స్పాన్సర్ చేస్తామంటోంది. యోగానంద్ అంకుల్ మాట్లాడిపెట్టారు. ఈ సీన్ పడితే ఇంకో ఏడాది ఢోకా లేదు. లేదా వచ్చే నెల మూసుకోవడమే." చేయి కడుక్కుంటూ మామూలుగా అన్నాడు: "నీకు తెలిసిందే కదా. రీసెర్చ్ కూడా అక్కర్లేదు."

నాలుగేళ్ల క్రితం, ఐదో నెలలో, ఆసుపత్రి మంచం మీద ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చింది అతడి ఫోను. అది శనివారం. "వైశూ, సెకండ్ బ్రేక్ ముందు డైలాగ్ మార్చాలి, త్వరగా చెప్పు. లైట్ పోతోంది." సెలైన్ ఎక్కుతున్న చేతిని కదపకుండా ఆమె డైలాగు చెప్పింది. తరువాత, తెల్లని గుడ్డలో చుట్టి తెచ్చిన ఆ అరచేయంత ప్రాణాన్ని, ప్రాణం లేని దానిని, ఒంటరిగానే ఎత్తుకుంది. షూటింగ్ ముగించుకొని అతడు వచ్చేసరికి ఆ గుడ్డ కూడా లేదు. ఆసుపత్రి నుంచి తాను ఇంటికి వచ్చిన రోజున అత్తగారు అడిగిన ప్రశ్న ఆమెకు అక్షరాలా గుర్తుంది: "శనివారం అందరికీ పులిహోర నువ్వు చేయగలవా, బయట చెప్పమంటావా?" ఆమే చేసింది.

"నేను రాయను," అన్నది వైశాలి.

సోఫాలో నుంచి చాముండేశ్వరి తల తిప్పింది. "అయిపోయినదాన్ని పట్టుకుని ఇంకా ఎన్నాళ్లే? ఎలాగూ పోయింది. కనీసం సీరియల్‌కైనా పనికొస్తుంది."

"వదిలెయ్ అమ్మా, నేనే రాస్తా," అంటూ సుమంత్ వైశాలి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. రెండు వాక్యాలు కొట్టి ఆగాడు. ఆ రోజు ఆసుపత్రి గదిలో ఏమి జరిగిందో అతడికి తెలియదు.

"నర్సు ఏమంటుంది వైశూ, అప్పుడు?"

ఆమె కోడలి చీర మడత పెట్టసాగింది.

"పోనీ ఇది చెప్పు. మనకు పోయింది ఆడపిల్లా, మగపిల్లాడా? కోడలు ఏదో ఒకటి అనుకొని ఏడవాలి కదా."

నాలుగేళ్లలో అతడు ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అడగలేక, బాధ దిగమింగుకుంటున్నాడని ఆమె ఇన్నాళ్లూ నమ్మింది. ఆ నమ్మకంతోనే వండింది, తుడిచింది, రాసింది. నిజానికి అతడికి ఇంతవరకూ ఆ సంగతి అవసరం పడలేదు, అంతే.

"చెప్పను," అన్నది. "నా బిడ్డకు నేను పేరు పెట్టుకున్నాను. ఆ పేరు మీకెవరికీ తెలియనివ్వను. మీ సీరియల్‌కు ఇక ఒక్క ముక్క కూడా రాయను. శనివారం ఈ ఇంట్లో కెమెరా పెట్టనివ్వను."

సుమంత్ కళ్లు మెరిశాయి. వేళ్లు గబగబా కదిలాయి. "అబ్బ! ఆ పేరు మాట మళ్లీ చెప్పు. ఇది కరెక్ట్‌గా బ్రేక్‌కు ముందు పడాలి."

వైశాలి దగ్గరకు వచ్చి లాప్‌టాప్ మూత మూయసాగింది. అతడు వేళ్లు వెనక్కి తీసుకోవడానికి ఎంత సమయం కావాలో అంతే ఇచ్చింది.