బొట్టు పెట్టించుకున్న పొగగొట్టం

నేను ఒక పొగగొట్టాన్ని. పొయ్యి దగ్గర ఊదే గొట్టమనుకునేరు, దానికి నాకంటే మర్యాద ఉంది. కాలేజీ పిల్లలు నన్ను వేప్ అంటారు. చిటికెన వేలంత ఒళ్లు, కడుపులో బ్యాటరీ, కాస్త నికోటిన్ నీళ్లు, ఆ కంపు తెలియకుండా మామిడిపండు వాసన. ముసలివాళ్ల చేత సిగరెట్టు మాన్పించడానికే నన్ను చేశామని చెప్పుకునే పెద్దమనుషులు, నాకు చాక్లెట్టు రంగులు ఎందుకు పూశారో మాత్రం చెప్పరు.

ఈ దేశంలో నన్ను అమ్మడం నేరం. అందుకే ఫోన్ చార్జర్ల పెట్టెలో అడుగున పడుకుని వచ్చాను. జూనియర్ కాలేజీ ఎదుట రీచార్జి దుకాణం పెట్టుకున్న శ్యాంసుందర్ నన్ను గల్లాపెట్టె వెనక దాచాడు. సొంత కొడుకును మాత్రం ఆ గల్లా దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. అమ్మేవాడికి సరుకు సంగతి తెలుసు మరి.

నన్ను కొన్నవాడు అభిలాష్. ఇంటర్ రెండో ఏడు. మీసం ఇంకా మొలవాలా వద్దా అని ఆలోచిస్తున్న వయసు. కబడ్డీలో కూతకు పోతే ఒక్క ఊపిరి మీద అవతలి బరంతా తిరిగి గీత తాకి వచ్చేవాడట. దసరా దాటగానే జిల్లా జట్టుకు ఎంపిక. అలాంటివాణ్ణి దోస్తులు కాలేజీ గోడ చాటుకు తీసుకుపోయి, పీల్చకపోతే నువ్వేం మొగోడివిరా అన్నారు. మగతనం ప్లాస్టిక్ గొట్టంలో దొరుకుతుందని నమ్మిన మహానుభావుడికి అడ్డు చెప్పడానికి నేనెవర్ని? వానాకాలం ముగిసేసరికి వాడి కూత బరి మధ్యలోనే తెగసాగింది.

ఒకరోజు ప్యాంటు ఉతకబోతూ తల్లి వనజ నన్ను పట్టుకుంది. ఏంటిదని అడిగితే, కోచ్ సార్ ఇచ్చాడు, ఊపిరి గట్టిపడడానికి పీల్చాలి అన్నాడు వాడు. ఆమె నమ్మింది. అత్త బుచ్చవ్వకు ఉబ్బసం. ఆమె ఇన్‌హేలర్ గొట్టంతో మందు పీల్చడం కోడలు రోజూ చూసేదే. గొట్టంతో పీల్చేదేదైనా మందేనని వనజ లెక్క. ఆనాటి నుంచి నన్ను ఆమే తుడిచి వాడి సంచిలో పెట్టేది. "పీల్చుకున్నవా బిడ్డా" అని గుర్తు చేసేది కూడా. నన్ను తయారుచేసినవాళ్లకు ఇంతకంటే మంచి ఏజెంటు దొరకదు.

దసరానాడు ఆయుధపూజ. పీట మీద ట్రాక్టర్ పానాలు, కొడవళ్లు, వాడి మోకాలి పట్టీలు, వాటి పక్కన నేను. వనజ అన్నిటితోపాటు నాకూ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. నా కొడుకు ఊపిరి నిలబెట్టు తల్లీ అని గొణుగుతూ దండం పెట్టింది. ఎవరికి పెడుతోందో చూడండి.

వాకిట్లో తండ్రి ఓదెలు పొద్దున్నే కల్లు గ్లాసు పట్టాడు. పెద్దోడివైతున్నవు, పండుగ పూట రెండు గుక్కలు తాగమని కొడుకును పిలిచాడు కూడా. వాడు సిగ్గుపడి లోపలికి వచ్చాడు.

సాంబ్రాణి పొగ గదంతా కమ్మింది. బుచ్చవ్వకు ఊపిరాడలేదు. గోడ పట్టుకుని కూలబడి, నోరు తెరిచి పిల్లికూతలు తీసింది. ఆమె మందుగొట్టం చేతికి దొరకలేదు. వనజ చుట్టూ చూసి, కొడుకుదీ ఊపిరి మందే కదా అనుకుంటూ పీట మీది నన్ను తీసి అత్త పెదవుల మధ్య పెట్టబోయింది.

అభిలాష్ గుమ్మంలో కొయ్యబారాడు. నోరు మూసుకుంటే అబద్ధం బతుకుతుంది. నాయినమ్మ సంగతి మాత్రం తెలియదు. వీడు నోరు మూసుకుంటాడనే నేను అనుకున్నాను. మనుషుల మీద నాకున్న అభిప్రాయం అలాంటిది.

వాడు దూకి నన్ను లాగేశాడు.

"అమ్మా, వద్దే. అది మందు గాదు, సిగరెట్ అసుంటిది. నీకు అబద్ధం చెప్పిన."

నన్ను విసిరేసి, పరుగెత్తి, ముసలామె తలగడ కింద అసలు గొట్టం వెతికి తెచ్చి నోట్లో పెట్టి నొక్కాడు. ఆమెకు మెల్లగా ఊపిరి తిరిగింది. ఈలోగా వాకిట్లోంచి అంతా విన్న ఓదెలు ఒక చేతిలో గ్లాసుతో, ఇంకో చెయ్యి పైకెత్తి కొడుకు మీదికి వచ్చాడు. వంశం పరువు తీశావన్నాడు.

బుచ్చవ్వ గోడకు ఆనుకునే, మాటకూ మాటకూ మధ్య గాలి పీలుస్తూ అంది:

"ఓదెలూ, ఆ గ్లాసు కింద పెట్టి కొట్టు. పొద్దుగాల వానికి రెండు గుక్కలు పోస్తనన్నది నువ్వే గాదురా."

గ్లాసు కిందికి దిగింది. ఎత్తిన చెయ్యీ దిగింది. ఆ పూటకు మళ్లీ గ్లాసు ముట్టలేదు. మర్నాటి సంగతి పూచీ పడను, ఓదెలు నాకు తెలుసు.

వనజ ఎవరినీ తిట్టలేదు. మూలన పడ్డ నన్ను తీసి కొంగుతో ముందు కుంకుమ, తర్వాత పసుపు, మచ్చ మిగలకుండా తుడిచింది. తాను ఇచ్చిన మర్యాదను తానే వెనక్కు తీసుకుని, పెరట్లో పాతసామాన్ల మీద పారేసింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి, చిల్లుబకెట్టును కూడా ప్రేమగా ఎత్తుకుని, నన్ను మాత్రం దేనికీ రాదని అక్కడే వదిలిపోయాడు.

ఎంపికలు అయిపోయాయి. అభిలాష్ కూత మధ్యలో తెగింది, జట్టులో పేరు రాలేదు. ఇప్పుడు తెల్లారగానే పెరట్లో బుచ్చవ్వ మంచం మీద కూర్చుంటుంది. వాడు ఆమె ముందు కూత పెడుతూ జామచెట్టు నుంచి బావి వైపు నడుస్తాడు. ఊపిరి అందని ముసలామె, ఊపిరి పోగొట్టుకున్న పిల్లాడికి "ఇంకింత, ఇంకింత" అని చెయ్యి ఊపుతుంది. మొదట్లో చూస్తే నాకు నవ్వొచ్చేది.

వాడి కూత నిన్న తెగినచోట ఇవాళ తెగలేదు.