ఐదో నంబరు మీద ఎర్ర చుక్క

బోర్డుల అక్కకు కోపమొస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ వారం మాత్రం ఆమె గొంతు దుకాణం గడప దాటలేదు. మెషీన్ మళ్లీ ఆగిపోయింది. పళ్ల డాక్టరుగారి ఇత్తడి పలక మీద సగం పేరు చెక్కి, సూది అక్కడే నిలబడిపోయింది. సగం పేరున్న డాక్టరు దగ్గరికి ఎవరు పోయి నోరు తెరుస్తారు?

పలకల మీద పేర్లు చెక్కడం అక్క పని. చెక్కే మెషీన్‌ను నడిపేది బల్ల కింద ఉన్న పాత కంప్యూటర్. అందులోని కార్డు కొత్త కంప్యూటర్లలో పట్టదు, దాన్ని తయారుచేసినవాళ్లు ఏనాడో మూటాముల్లె సర్దుకున్నారు. ఆ డబ్బా బతికున్నన్నాళ్లే ఆ దుకాణం. ఈ సంగతి అక్కకూ తెలుసు, ఆమె తమ్ముడికీ తెలుసు. నలభై దాటినా వాణ్ని అందరూ చిన్నోడనే పిలుస్తారు. బడి మానేసిన నాటి నుంచి ఆమె పక్కనే కూర్చుని పని నేర్చుకున్నాడు.

“ఇది ముసలిదైపోయిందక్కా. ఇక వదిలేద్దాం,” అన్నాడు చిన్నోడు, పాడైన పలకను పక్కన పెడుతూ.

“ముసలిదా? నాకంటే చిన్నదిరా అది!”

“అదే నేననేది. నువ్వే ఏదో మార్చేసి మర్చిపోయుంటావు. ఈమధ్య నీకు మతిమరుపు ఎక్కువైంది.”

ఆ మాట అక్కకు ముల్లులా దిగింది. కోపం రాలేదు, భయమేసింది. నిజంగానే మర్చిపోతున్నానా? కేబుళ్లు మార్చింది. మెమొరీ చిప్పులు ఊడదీసి తుడిచి పెట్టింది. ప్రోగ్రాం మళ్లీ ఎక్కించబోతే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ప్రింటర్ కూడా పడుకుంది. పోనీ తెగులైనా నిలకడగా ఉందా అంటే అదీ లేదు. ఒక పలక చివరిదాకా చెక్కుతుంది, ఇంకో పలక మొదటి అక్షరంలోనే మొరాయిస్తుంది. పక్కన చిన్నోడు స్క్రూడ్రైవర్ అందిస్తూ, అయ్యో అయ్యో అంటూ కూర్చునేవాడు.

తెగులు దొరికింది మాత్రం పై వాటాలో పసిబిడ్డకు జ్వరం రావడం వల్ల. “పాటలు కట్టేయమ్మా, ఇప్పుడే పడుకున్నాడు,” అని ఆ తల్లి వచ్చి అడిగింది. అక్కకు కంప్యూటర్లో పాటలు పెట్టుకోనిదే చేయి ఆడదు. అయినా కట్టేసింది. ఆ రోజంతా మెషీన్ ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం బిడ్డ లేచాక పాట పెట్టింది. పల్లవి అయిందో లేదో, సూది ఆగింది. పాట ఆపి, చెక్కడం మళ్లీ మొదలుపెట్టింది. సూది చివరిదాకా నడిచింది.

“ఓసి దీని దుంపతెగ!” అంది అక్క, చాలా రోజుల తర్వాత గొంతెత్తి.

ఆ కంప్యూటర్లో ప్రతి కార్డుకూ ఒక నంబరుంటుంది. పనిపడితే ఆ నంబరు మీద గంట కొట్టి లోపలి పెద్దమనిషిని, అంటే ప్రాసెసర్‌ను, పిలుస్తుంది. రెండు కార్డులు ఒకే గంట కొడితే ఆయన ఒకరి దగ్గరికి పోతాడు, రెండోవాళ్లు గంట కొడుతూనే ఉండాల్సిందే. పాటల కార్డుది ఐదు. చెక్కే కార్డుకు అక్క తన చేత్తోనే పది ఇచ్చింది. మరి ఈ రెండింటికీ గొడవెక్కడిది?

చిన్నోడు పలకలు ఇచ్చి రావడానికి వెళ్లాడు. అక్క కంప్యూటర్ మూత విప్పి, చెక్కే కార్డు లాగి వెలుతురుకు పట్టింది. నంబరు మార్చాలంటే జంపర్ అనే చిన్న నల్ల తొడుగును ఒక జత పిన్నుల మీంచి తీసి ఇంకో జతకు తొడగాలి. మెషీన్ అదురుకు అది జారిపోకుండా అక్క దాని మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెడుతుంది. ఆమె గోళ్లకు ఏనాడూ రంగు లేదు, ఉన్నదంతా జంపర్లకే. ఇప్పుడు పది దగ్గర రంగు గీకేసి ఉంది. జంపర్ ఐదు మీద ఉంది. ప్రోగ్రాంలో చూస్తే అక్కడా పది పోయి ఐదు వచ్చింది.

తనే మార్చి మర్చిపోయిందా అని ఒక్క క్షణం ఒళ్లు చల్లబడింది. కానీ ఐదు మీద పాటల కార్డుందని ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇక మిగిలింది ఒక్కడే. పరాయివాడైతే జంపర్ మార్చి, మూత బిగించి పోయేవాడు. ఈ జంపర్ మీద కొత్త ఎర్ర చుక్క నిగనిగలాడుతోంది, అంచులు దాటకుండా, ఆమె నేర్పినంత శుభ్రంగా. పాడుచేసేటప్పుడు కూడా వాడు పని పద్ధతిగానే చేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను వాడి చేతి అలవాటే పట్టిచ్చింది. అక్కకు ఏడుపు రాలేదు. జంపర్‌ను మళ్లీ పదికి తొడిగి, ప్రోగ్రాంలోనూ పది చేసింది.

చిన్నోడు వచ్చేసరికి మెషీన్ నడుస్తోంది, పాట మోగుతోంది. గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎందుకురా?” అంది అక్క.

వాడు అబద్ధం చెప్పలేదు. “పెద్ద వీధిలో కొత్త దుకాణం పెడుతున్నారక్కా. అన్నీ కొత్త మెషీన్లు. నన్ను రమ్మన్నారు. అక్కను వదిలేసి పోయాడని నలుగురూ నన్నంటారు. ఇదే చెడిపోతే నువ్వే మూసేస్తావు, ఎవరికీ ఎవరిమీదా నిష్ఠూరం ఉండదనుకున్నా.”

“వెళ్తానని అడిగుంటే?”

“నువ్వు బాధపడతావని…”

“బాధా? మొన్న నాకు మతి పోతోందేమోనని ఈ బల్ల మీద తల పెట్టి ఏడ్చానురా. నా వీపు నిమిరింది ఎవరు?”

చిన్నోడు తల వంచాడు. “వెళ్లనులే అక్కా. ఇక్కడే ఉంటా. ఇంకెప్పుడూ ముట్టుకోను,” అన్నాడు. గొంతులో నిజమే ఉంది. అక్కకు అదీ తెలుస్తూనే ఉంది, అదే ఆమెను ఇంకా కోసింది.

“వద్దు. మెషీన్లన్నాక రేపో మాపో మళ్లీ ఆగుతాయి. ఆగినప్పుడల్లా ముందు నీ చేతుల వంక చూస్తాను. ఆ చేతులకు పని నేర్పిందాన్ని, అలా చూస్తూ బతకలేనురా. వెళ్లు.”