ఇడువు అనే మాట

లింబాద్రిగాడి కారు పక్కన బోర్లా పడుకోవలసిన ఖర్మ నాకేం పట్టింది చెప్పండి! వాడు నా చెల్లెలు శాంతవ్వ మొగుడు. వాడి మొహం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. రెండు నెలల కిందట, ఎవడో పారేస్తే కొన్న ఆ పాత కారులో, ఇక్కడ గల్ఫ్‌లో ఖురియాత్ ఊరి దారిన కొండ దిగుతుంటే, బ్రేకు పెడల్ అడుక్కి పోయిందట. కారు రాతికి గుద్దుకుంది. వాడికి గీత కూడా పడలేదు, చెల్లెలి చెయ్యి విరిగింది. "ఏంగాలే బావా, చిన్న దెబ్బనే" అన్నాడు నాతో, పళ్లికిలిస్తూ.

ఆ రోజు నుంచి శాంతవ్వకు ఒకటే చెబుతున్నాను. "ఇసొంటోన్ని ఇడువు. ఊరికి పో. ఇడుపు కాయితం నేను రాయిస్త." మా జగిత్యాల మాటలో ఇడువు అంటే దేన్నైనా వదలమనే, తాడైనా, మొగుణ్నైనా. అది వినలేదు. ఖురియాత్‌లో ఒకే ఇంట్లో తనకు వంటపని, వాడికి తోటపని దొరికాయని, శుక్రవారం సాయంత్రం ఆ కారులోనే పోతామని చెప్పింది. కంపెనీ డ్రైవర్‌ని కదా, బ్రేకులు నేనే బాగుచేయాలట! వాడి కోసమైతే వేలు కూడా కదపను. చెల్లెలు కూర్చునే బండి అని పానా పట్టాను.

మబేలాలో మా రూమ్ వెనక గోడ నీడన కారు పెట్టి, జాకీ మీద లేపి ఇటుకలు పేర్చాం. శాంతవ్వ బానెట్ దగ్గర నిలబడి డబ్బాలోంచి కొత్త బ్రేక్ ఆయిల్ పోస్తోంది. లింబాద్రి సీట్లో, నేను వెనక చక్రం దగ్గర. వాడు పెడల్ తొక్కి పట్టాలి. నేను చక్రం వెనకుండే చిన్న మర, అదే నిపిల్, వదులు చేస్తే పాత ఆయిల్ గొట్టంలోంచి సీసాలోకి దిగుతుంది. నేను మళ్లీ బిగించేదాకా వాడు కాలెత్తకూడదు. ఎత్తాడా, గాలి లోపలికి పోతుంది, చేసిందంతా దండగ.

"తొక్కు!"

"తొక్కిన."

"పట్టు. ఇడిసిన!" అంటూ నిపిల్ తిప్పాను. నల్లటి ఆయిల్ జర్రున వచ్చి, అంతలోనే బుడగలతో సహా వెనక్కి పోయింది.

"కాలెందుకు లేపినవ్‌రా?"

"నువ్వు ఇడిసిన అంటివి, నేను గూడ ఇడిసిన."

రెండోసారీ అంతే. పెడల్ మెత్తగా కిందికి పోతోంది. నాకు తిక్క రేగింది. "నా చెల్లెను సంపుతవారా?"

"నువ్వే గాలి వెడుతున్నవ్, మేం పోవద్దని!" అని వాడు అరిచాడు.

ఆ మాటకు పానా వాడి నెత్తినెయ్యాలనిపించింది. లేచాను కూడా.

శాంతవ్వ ఆయిల్ డబ్బా ఠపీమని కింద పెట్టింది. "ఆగుండ్రి! ఇద్దరికి ఒక్కటే మాటున్నది, ఇడుసుడు! నిపిల్ ఇడుసుడు, కాలు ఇడుసుడు, మొగుణ్ని ఇడుసుడు! అన్నా, తెరిస్తే తెరిసిన అను, బిగిస్తే బిగించిన అను. గప్పుడే ఈయన కాలు లేపుతడు. ఇడువు అనే మాట ఇంక నా ముంగట అనకు."

"బ్రేకుల పనయ్యేదాకనా?" అన్నాను.

"ఎప్పటికీ."

పోయి మళ్లీ చక్రం దగ్గర బోర్లా పడుకున్నాను. తెరిసిన, బిగించిన. తెరిసిన, బిగించిన. నాలుగు చక్రాలూ అయ్యేసరికి తేటగా కొత్త ఆయిలే వచ్చింది. పెడల్ రాయిలా గట్టిపడింది. ఇటుకల మీంచి దించాక వాడు సందు చివరిదాకా నడిపి తొక్కితే కారు కీచుమని ఆగింది.

"బావా, కొత్త బండి లెక్కున్నది!"

"నాతోని మాట్లాడకు" అన్నాను.

శాంతవ్వ సంచి వెనక పడేసి ముందు సీట్లో కూర్చుంది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో పొమ్మను అన్నాను. సీటు బెల్టు పెట్టుకో అన్నాను. అన్నీ అయిపోయాయి, చెయ్యి మాత్రం తలుపు మీదే ఉంది. వాడు హారన్ కొట్టాడు. అయినా తియ్యలేదు.

శాంతవ్వ తన చెయ్యి నా చేతి మీద పెట్టింది. విరిగిన చెయ్యి, ఇంకా కొంచెం వంకరగానే ఉంది.

"అన్నా, ఇడువు" అంది.

చెయ్యి తీశాను. మలుపు దగ్గర బండి వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. బాగుచేసింది నేనే కదా, కారు చక్కగా ఆగి, తిరిగి, వెళ్లిపోయింది.