ఊపిరి తీసే బస్తాలు

పొద్దున్నే గోదాము తాళం తీసి, గనుల నుంచి వచ్చిన బస్తాలకు చీటీలు కట్టడం అక్క పని. ఊరంతా ఆమెను అక్క అనే పిలిచేది. చీటీని ఫోన్‌తో స్కాన్ చేస్తే ఏ గని, ఎవరు తవ్వారు అన్నీ అందులోకి ఎక్కుతాయి. తెర మీద ఆకుపచ్చ వెలిగిందా, అది అనుమతి ఉన్న మంచి గని రాయేనని కొనే కంపెనీల నమ్మకం.

బస్తాలు మాత్రం వాటి మానాన అవి ఊపిరి తీసుకుంటుండేవి. ఎవరు తవ్విన రాయిలో వాళ్ల ఊపిరి. కొలిమికి చేరేదాకా అంతే. కూలీల పెళ్లాలు అటుగా పోతూ మొగుడి బస్తా మీద చెయ్యేసి చూసుకుని, నింపాదిగా వంటకు వెళ్లేవాళ్లు.

అక్క తమ్ముడి ఊపిరిలో చిన్నప్పటి నుంచీ పిల్లికూతలు. ఆ రోజు పిల్లికూతల బస్తాకు తడి ఎర్రమట్టి అంటుకుని ఉంది. కూలుతుందని మూసేసిన పాతగనిలో తప్ప ఆ మట్టి ఎక్కడా లేదు. "పాతగనిలో దిగడం లేదక్కా, నీ మీద ఒట్టు" అని వాడు నిన్ననే అన్నాడు.

"మేస్త్రీ, ఇది పాతగనిది."

"ఫోన్ ఏమంటోంది?"

"ఆకుపచ్చే."

"మరి నీ నస ఏంటి తల్లీ? వద్దంటే నీ తమ్ముడి పొట్ట మీదే కొట్టినట్టు."

అక్క చీటీ కట్టింది. పక్కన ఉన్నది తమ్ముడితో జోడీగా తవ్వే బక్కోడి బస్తా. దానికి కడుతుండగా పిల్లికూతలు ఆగిపోయాయి.

బస్తాను కుదిపింది. చెవి ఆనించింది. ఉత్త రాళ్లు.

పాతగనికి మనుషుల్ని పంపమంటే మేస్త్రి ఫోన్ చూపించాడు. "పాతగనిలో ఎవరూ లేరమ్మా. నీ తమ్ముడు మంచి గనిలో ఉన్నాడు, చూసుకో." లేనివాళ్ల కోసం మనుషుల్ని పంపనన్నాడు.

బక్కోడి బస్తాను వీపునేసుకుని, పడుతూ లేస్తూ, కూలీల మధ్యకు తెచ్చి పడేసింది. అది ఇంకా సన్నగా రొప్పుతోంది.

"మావాడు పోయాడు. వీడున్నాడు. తవ్వండి."

కూలీలు పారలు అందుకుని పాతగనికి పరుగెత్తారు. పొద్దు గూకేసరికి కాలు విరిగిన బక్కోడిని ప్రాణంతో లాగారు. తమ్ముడిని ఆ తర్వాత తీశారు.

చావు నమోదు చెయ్యబోతే ఏ గనిలో అని ఫోన్ అడిగింది. మూసేసిన గని అందులో లేదు. మంచి గనిలో ఎవరూ చావలేదు. ఆ చావు ఫోన్‌లోకి ఎక్కనే లేదు.

కాలు అతుక్కున్నాక బక్కోడు కుంటుకుంటూ వచ్చాడు.

"అక్కా, రేపు మళ్లీ దిగుతున్నా."

"ఆ కాలితోనా?"

"కుంటివాడినని నా పేరు తీసేశారట." వాడు తల ఎత్తలేదు. "మేస్త్రి నీ తమ్ముడి పేరు మీద దిగమన్నాడు. అది ఇంకా ఆకుపచ్చగానే ఉందట."

వాడు కూర్చోడానికి, తమ్ముడు వచ్చినప్పుడు కూర్చునే స్టూలును అక్క జరిపింది.