మీరెవరి తరఫండీ?

నేను ఒక ఇంటిని బయటి నుంచి మాత్రమే ఎరిగిన ఇత్తడి తాళం కప్పను. నన్ను పోతపోసిన ఊరు ఎక్కడో ఉత్తరాదిన ఉంది. అక్కడ ఒక ముసలాయన నన్ను చెవి దగ్గర పెట్టుకుని తాళంచెవి తిప్పి, తల ఊపి పక్కన పెట్టడం ఒక్కటే గుర్తు. కాకినాడలో నన్ను మొదట కొన్నది ఒక బియ్యం వ్యాపారి. గోదాముకు నన్ను వేసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. తాను స్వయంగా వేసిన తాళాన్ని నమ్మని ఆ మనిషి, ముక్కూ మొహం తెలియని లారీ డ్రైవర్లకు సరుకంతా అప్పగించి నిశ్చింతగా ఉండేవాడు. మనుషుల నమ్మకాలు నాకు అప్పటి నుంచీ అంతుపట్టవు.

గోదాము ఎత్తేశాక నేను సత్తిరాజు చేతికి వచ్చాను. సత్తిరాజు ఇళ్ల బ్రోకరు. మాట తియ్యన, నడక వేగం. అమ్మకానికి వచ్చిన ఒక పాత ఇంటికి నన్ను వేసి, తాళంచెవిని తన మోటారుసైకిలు తాళాల గుత్తిలో కలుపుకున్నాడు. ఇంటి యజమాని ప్రకాశరావు విశాఖపట్నంలో ఉంటాడు. ఇల్లు చూడముచ్చటగానే ఉంటుంది. ఎత్తయిన అరుగు, రంగుటద్దాల కిటికీలు, పెరట్లో సపోటా చెట్టు.

కొన్నాళ్లకే నాకొక సంగతి తెలిసింది. ఒక మిట్టమధ్యాహ్నం సత్తిరాజు ఎవరికో ఇల్లు చూపించి, నన్ను నొక్కి వెళ్లిపోయాడు. మోటారుసైకిలు చప్పుడు వీధి మలుపు దాటి సద్దుమణిగింది. అప్పుడు తలుపు అవతల అతని గొంతు వినిపించింది.

"గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయండి. ఇటు రండి, చూద్దురుగాని."

లోపల ఎవరూ లేరు. అదే తీపి, అదే సాగదీత. కాసేపు హాల్లో, కాసేపు వంటింట్లో, ఎక్కం వల్లించే పిల్లవాడిలా ఇల్లు ఆ మాటల్ని మళ్లీ మళ్లీ అనుకుంటోంది. తప్పు పోయినచోట ఆగి, సరిదిద్దుకుంటోంది.

ఈ సంగతి సత్తిరాజుకు తెలియనిది కాదు. అంతకుముందు అద్దెకున్నవాళ్లు సామాను సర్దుకుని పోతూ ఈ అరుగు మీదే అతనికి చెప్పారని తర్వాత అతని నోటే విన్నాను. అమ్మ పిలిచిందని వంటింట్లోకి పరుగెత్తిన వాళ్ల పిల్లకు, కిటికీలోంచి పెరట్లో బట్టలు ఆరేస్తున్న అమ్మ కనిపించిందట.

ఆ తర్వాత హైమవతి వచ్చింది. ఆర్టీసీ బస్సులో కండక్టరు. వెంట చెల్లెలు విమల. విమలకు పుట్టుకతోనే చూపు లేదు. ఎదురుగా ఉన్నదెవరో గొంతును బట్టే పోల్చుకుంటుంది. అద్దె ఇళ్లు మారినప్పుడల్లా గోడలూ మెట్లూ కొత్తగా నేర్చుకోలేక విసిగిపోయింది. ఆమె కోసమే హైమవతి సొంత ఇల్లు వెతుకుతోంది.

గుమ్మం దగ్గర "రామ్మా విమలా. మెట్టు చూసుకో" అంటూ చెల్లెల్ని లోపలికి తీసుకెళ్లింది. ఇల్లు నచ్చింది. సత్తిరాజు అరుగు మీద ఒక కాగితం పరిచాడు.

"సంతకం పెట్టెయ్యండమ్మా. మామూలు అగ్రిమెంటే."

"మామూలుదైతే చదివితే పోయేదేముందండీ?" అని హైమవతి చెల్లెలికి వినబడేలా పైకి చదివింది. మధ్యలో ఆగింది. "ఆరు నెలల దాకా మీ ద్వారా తప్ప ఇంకోచోట ఇల్లు కొనకూడదా? మీరేమీ చూపించకుండా కూచుంటే మేమేం కావాలండీ?"

సత్తిరాజు నవ్వి ఆరును రెండు చేశాడు. కమిషను రిజిస్ట్రేషన్ అయ్యాకే ఇస్తానని ఆమె అంటే దానికీ తల ఊపాడు.

"అమ్మే ఆయన దగ్గరా తీసుకుంటారా?"

"అందరూ చేసేదేనమ్మా."

"మరి మాకోసం బేరమాడేదెవరు? ఇంతకీ మీరెవరి తరఫండీ?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న సత్తిరాజును ఎవరూ అడిగినట్టు లేదు.

"అదేదో రాయించుకో అక్కా," అంది విమల.

బేరం జారిపోతుందని అతను రాశాడు: కొనేవారి తరఫున మాత్రమే పనిచేస్తాను, ఇంటి గురించి నాకు తెలిసిన మంచీ చెడూ దాచను, దాస్తే ఈ ఒప్పందం చెల్లదు. కింద సంతకం పెట్టాడు.

అక్కాచెల్లెళ్లు వెళ్లాక ఇంట్లోకి పోయి ప్రకాశరావుకు ఫోను చేశాడు. తలుపు తెరిచే ఉంది, గొళ్లానికి వేలాడుతూ అంతా విన్నాను. "కాగితం మీద ఏదో గీకానులెండి. అద్దెకున్నోళ్ల సంగతి ఆవిడకెందుకు చెప్తానండీ? అసలే ఆ చెల్లెలికి కళ్లు లేవు." విన్నది నేనొక్కదాన్నే కాదని అతనికి తోచలేదు.

బయానా ఇచ్చే రోజు పొద్దున్నే ముగ్గురూ వచ్చారు. నన్ను తెరవబోతుంటే హైమవతి అడిగింది.

"తెలిసినవన్నీ చెప్పేసినట్టేనాండీ?"

"ఇంకేముందమ్మా చెప్పడానికి!"

తాళంచెవి నాలో సగం తిరిగింది. అప్పుడు తలుపు అవతలి నుంచి, తీరిగ్గా, అతని గొంతే పలికింది. "అద్దెకున్నోళ్ల సంగతి ఆవిడకెందుకు చెప్తానండీ? అసలే ఆ చెల్లెలికి కళ్లు లేవు."

విమల మొహం తలుపు వైపు తిరిగింది. "రాజుగారూ, మీరు లోపలికెప్పుడు వెళ్లారండీ?"

సత్తిరాజు తాళంచెవిని వెనక్కి తిప్పి నాలోంచి లాగేసుకున్నాడు. లోపల అడుగుల చప్పుడు దగ్గరకొచ్చి గుమ్మం దగ్గర ఆగింది. ఈసారి హైమవతి గొంతు.

"రామ్మా విమలా. మెట్టు చూసుకో."

విమల అలవాటుగా అడుగు ముందుకు వేసింది. పక్కనే ఉన్న హైమవతి ఆమె జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. గొంతు విప్పడానికి భయపడింది. చెల్లెలి అరచేతిని తన మొహానికి ఆనించుకుంది. విమల వేళ్లు ఆ నుదురూ, ముక్కూ, తడిసిన చెంపలూ తడిమి, ఇదే అక్క అని తెలుసుకున్నాయి.

సత్తిరాజు అరుగు మీద కూలబడి తెలిసినదంతా చెప్పేశాడు. అక్కాచెల్లెళ్ల వెంట అతనూ నడిచాడు. వీధి చివరికి వెళ్లాకే హైమవతి గొంతు లేచింది. "మీరు సంతకం పెట్టింది మా తరఫునండీ. ఇంక మా గుమ్మం తొక్కకండి." ఆమె కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చించెయ్యడం నాకు కనిపించింది. వాళ్లు ఊరవతల చిన్న ఇల్లు కొనుక్కున్నారని తర్వాత ఎవరో అరుగు మీద అనుకున్నారు. సత్తిరాజు ఈ వీధికి మళ్లీ రాలేదు. తాళంచెవీ అతనితోనే పోయింది. వానలకు నాకు చిలుం పట్టింది.

నిన్న కొత్త బ్రోకరు ఒక కొత్త జంటను తీసుకొచ్చి నన్ను సుత్తితో పగలగొట్టాడు. రెండు ముక్కలై మెట్టు మీద పడి ఉన్నాను. పాత ఇనుప సామాన్లవాడు వచ్చేదాకా ఇదే నా చోటు.

"ఇందులో ఏం రాశారండీ?" అని అడిగింది ఆ అమ్మాయి, కాగితం అందుకుంటూ.

"అందరూ పెట్టేదేనమ్మా."

ఆమె గోడకు ఆనించి సంతకం పెట్టింది. ముగ్గురూ లోపలికి వెళ్లారు. తెరిచిన కిటికీ దగ్గర నిలబడి సపోటా చెట్టును చూస్తున్నారు. ముగ్గురూ నాకు కనిపిస్తూనే ఉన్నారు. వీధి తలుపు మెల్లగా మూసుకుంది. లోపల గడియ పడింది.