కర్నల్ ఆయుష్షు మీద కౌలు

కర్నల్ పెటిగ్రూ నూరేళ్ళు బతకాలని వర్జీనియాలో నాకంటే గట్టిగా కోరుకున్నవాడు ఇంకొకడు లేడు. ఆయన మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది, అది వేరే సంగతి.

యుద్ధంలో ఇంగ్లండు రాజుగారి సైన్యం మీదికి మమ్మల్ని నడిపించాడు. తర్వాత గవర్నరయ్యాడు. ఫిలడెల్ఫియాలో కాంగ్రెసు సభకెక్కి మనిషి స్వేచ్ఛ గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. ఇక్కడ ఆయన బానిసలు ఆయన పొగాకు కోస్తూనే ఉన్నారు.

మాలో భూమి ఉన్నవాడికే ఓటు. పత్రంలో పేరు రాసిన మనిషి ప్రాణం ఉన్నంతకాలం చెల్లే కౌలు ఉన్నా సరే, భూమి ఉన్నట్టే లెక్క. అందుకే ఎన్నికల ముందు కర్నల్ ఇలాంటి కౌళ్ళు పంచేవాడు. ఎవడైనా తన పసిబిడ్డ పేరు రాయించుకుంటాడు, ఎక్కువకాలం బతుకుతుందని. నా కౌలులో మాత్రం కర్నల్ తన పేరే రాయించాడు.

"నేను బతికున్నన్నాళ్ళూ చేను నీదిరా జాబెజ్. నా ఆరోగ్యం కోసం దేవుడికి మొక్కుకో" అని నవ్వాడు.

ఆయన పోయిన మర్నాడు నేనూ, నా భార్య డోర్కసూ, పిల్లలూ వీధిన పడాల్సిందే.

సారా మీద పన్ను పడనివ్వనని మా గడపలో నిలబడి మాటిచ్చాడు. ఫిలడెల్ఫియా వెళ్ళి ఆ పన్నుకే చెయ్యెత్తాడు. మా మొక్కజొన్న సారాగా మారి అమ్ముడుపోతేనే మాకు ఉప్పూ ఇనుమూ. మళ్ళీ ఎన్నికలొచ్చాయి, ఈసారి కర్నల్ మీద హార్‌గ్రోవ్ నిలబడ్డాడు.

మాలో ఓటంటే నోటితో చెప్పడమే. పోటీదార్లిద్దరూ కచేరీలో బల్ల దగ్గర కూర్చుంటారు. ఎవరి పేరు చెబితే ఆయన లేచి వంగి దణ్ణం పెట్టాలి. ఎన్నిక జరిపే షెరీఫ్ "ఎవరికి, జాబెజ్ టార్ప్లీ?" అన్నాడో లేదో, కర్నల్ అలవాటుగా లేచి వంగాడు.

"సంతోషం జాబెజ్, నీ మేలు మరిచిపోను."

"కూర్చోండి కర్నల్ గారూ, మీక్కాదు. హార్‌గ్రోవ్ గారికి."

కచేరీ అంతా గొల్లున నవ్వింది. అంతవరకూ ఆ మనిషి ఎదట నవ్విన మొనగాడు లేడు. ఆయన ఓడిపోయాడు. ఇంటికెళ్ళి మంచం పట్టాడు, తిండి మానేశాడు.

డోర్కస్ కోడిపులుసు కాచి నా చేతిలో పెట్టింది. "నీ నోటి దురదకి నేనూ పిల్లలూ అడుక్కు తినాలా? ఆయన చేత తాగించి రా. లేకపోతే ఇంటికి రాకు" అంది.

వెళ్ళాను. చెంచా నోటి దగ్గర పెట్టాను.

"తాగండి. మీరు బతకాలి."

"నేను బతకాలా, నీ చేను బతకాలా?"

"రెండూ ఒకటే చేసింది మీరే గదా."

"అందరూ నవ్వారు గదరా."

"నవ్వారు. మీరు మాట తప్పారు, వాళ్ళు నవ్వారు."

 ఆ మాటకి ఆయన మొహం విప్పారింది, నాకు కౌలు ఇచ్చిననాటి మొహం.

"బతికి అందర్నీ గెలిచానురా. నిన్నొక్కణ్ణీ చచ్చి సాధిస్తాను" అని పళ్ళు బిగించి గోడవైపు తిరిగాడు.

యుద్ధంలో కూడా ఎవరి కాళ్ళూ పట్టుకోనివాణ్ణి, ఆ మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను. "దొరా, ఒక్క చెంచా" అని బతిమాలాను. ఆయన ఇటు తిరగలేదు.