మొదటి నాలుగు గంటలు

"చేపపిల్లలకైతే మందు సుక్క సుక్క కొలిసి ఏత్తావు. పప్పులో ఉప్పెయ్యడానికి కొలత దొరకదేటి నీకు?" అంటూ భీమారావు కంచం పక్కకు నెట్టాడు.

పొద్దున్న ఐదు దాటింది. ఆరింటికి అతని షిఫ్టు. పద్మకుమారి ఉప్పు డబ్బా తెచ్చి కంచం పక్కన పెట్టింది. కంపెనీ ఇచ్చిన ఈ సోనారి క్వార్టర్లో కాపురానికొచ్చిన దగ్గర్నుంచి, అంటే తొమ్మిదేళ్లుగా, నాలుగున్నరకు లేచి పొయ్యి వెలిగిస్తోంది. మొగుడికి క్యారియరు, అత్తగారికి వేన్నీళ్లు, రాత్రి మిగిలిన అంట్లు, కుళాయి ఆగిపోయేలోగా నీళ్లు, మధ్యాహ్నానికి కూర. పదింటికి కాలేజీలో అడుగుపెట్టేసరికి ఒక పూట చాకిరీ అయిపోయి ఉంటుంది. దాన్ని పని అని ఆ ఇంట్లో ఎవరూ అనరు. పోనీ కాలేజీలో చేసేది పని అంటారా అంటే, అంటారు. కాకపోతే అది సీతారామరావు గారి పని అంటారు.

సీతారామరావు గారు జువాలజీ హెడ్డు. ఆమె ఆయన కింద డిమాన్‌స్ట్రేటరు. చేపల పెంపకం చెరువుల్లో గుడ్లు పిండేటప్పుడు తల్లిచేప గిలగిల్లాడకుండా మత్తుమందు కలిపిన నీళ్లలో ముంచే పద్ధతి అప్పుడప్పుడే వస్తోంది. తల్లి ఒంటి మీది ఆ నీళ్లు కారి గుడ్ల మీద పడతాయి. దానివల్ల లోపల పిండానికి చేటా, కాదా? మూడేళ్లుగా ఆయన ప్రాజెక్టు ఇదే. మందు లేకుండా పిండిన గుడ్లను గంటకొక జట్టు చొప్పున మందునీళ్లలో పది నిమిషాలుంచి తీసేది ఆమె. పిల్లలు బయటికొచ్చాక సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కదాన్నీ చూసి, వెన్ను తిన్నగా ఉన్నవెన్ని, వంకర తిరిగినవెన్ని అని పట్టికలో రాసేదీ ఆమే. కళ్లు లాగి తలనొప్పి వచ్చేదీ ఆమెకే. పేపరు మీద పేరు మాత్రం ఆయనొక్కడిదే.

ఆ పేపరు టైపయి వచ్చింది. తప్పులు దిద్దమని ఆమెకే ఇచ్చారు. ఆఖరి వాక్యం: 'మొదటి నుంచి చివరి దాకా అన్ని దశల్లోనూ ఈ మందు క్షేమం.' పట్టిక తిప్పి చూసి పద్మకుమారి అదిరిపడింది. అటెండరు అప్పన్న ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్ చెరువు దగ్గర ఆరింటికి గుడ్లు పిండి బేసిన్లో కాలేజీకి తెస్తాడు. ఆమె వచ్చేది పదింటికి. ఒక కణం రెండై, రెండు నాలుగై పిండం పోతపోసుకునేది ఆ నాలుగు గంటల్లోనే. తల్లి ఒంటి మీది మందు తగిలేదీ అప్పుడే. ఆ వేళ పద్మకుమారి ఇంట్లో గిన్నెలు తోముతుంటుంది. చూడని గంటలు గనక ఆ గడులను ఆమె ఖాళీగా వదిలింది. ఆయన వాటి నిండా 'దోషం లేదు' అని టైపు కొట్టించారు.

ఆ సాయంత్రం ఇంట్లో అడిగింది. మూడు రోజులు, మూడంటే మూడే రోజులు, పొద్దున్నే చెరువుకు వెళ్లొస్తానంది.

"మొగుడు డ్యూటీకెల్తే పెల్లాం సెరువుకెల్తాదా? నాకు బాక్సెవుడు కడతాడు, నీ చేపలా?" అన్నాడు భీమారావు.

"చేపలకి మత్తుమందట, మనకి పస్తుమందట" అంది అత్తగారు వరహాలమ్మ, మంచం మీంచే. తల్లీకొడుకులిద్దరూ పగలబడి నవ్వారు. పద్మకుమారికి నవ్వు రాలేదు సరికదా, ఆ నవ్వు మీద ఇంత బూడిద పొయ్యాలనిపించింది.

దారి చూపించింది అప్పన్నే. "మీరు రానేకపోతే గుడ్లే మీ గుమ్మంలోకి తెత్తానమ్మగారూ, సైకిలు మీదే కదా" అన్నాడు. అన్నట్టే ఆరున్నరకల్లా రెండు గిన్నెల్లో తెచ్చాడు. కానీ ఆ రోజు శనివారమని ఇద్దరికీ తోచలేదు. ఆమె ఎంగిలి కంచం తీసి వచ్చేలోగా వరహాలమ్మ రెండు గిన్నెలూ కాలవలో కుమ్మరించేసింది.

"శనోరం సింహాద్రప్పన్నకి ఒక్క పొద్దుంటే, గుమ్మంలోకి నీసు తెత్తావేటే? కొంప ముంచేత్తావా?"

నాలుగు వందల గుడ్లు. పద్మకుమారి ఏడవలేదు. గిన్నెలు కడిగి బోర్లించింది. సోమవారం మళ్లీ తెమ్మంది, బుధవారం ఇంకోసారి. కిటికీలో ఒక గిన్నెలో మందునీళ్లలో ముంచే గుడ్లు, పక్కనే ఇంకో గిన్నెలో మందు తగలని గుడ్లు. ఇటు కూరలో పోపు వేస్తూ, అటు గడియారం చూసి అరగంటకొక జట్టును ముంచి తీస్తూ, పదింటికి గిన్నెలు ఒళ్లో పెట్టుకుని ఆటోలో కాలేజీకి వెళ్లింది. మూడో రోజుకు పిల్లలు బయటికొచ్చాయి. మంచినీళ్లలో ఉంచిన రెండువందల్లో ఆరు పిల్లలకే వెన్ను వంకర. మందు తగిలిన రెండువందల్లో నూట ముప్పైఒకటి కొడవళ్లలా వంగి, ఈదలేక గిన్నె అడుగున గిరగిరా తిరుగుతున్నాయి. రెండో విడతలోనూ ఇంచుమించు అంతే. ఆమెకు ముందు భయం వేసింది. తర్వాత ఒళ్లు మండింది. ఆయన మీదా, ఇంట్లోవాళ్ల మీదా, అందరికన్నా ఎక్కువగా మూడేళ్లు ఆ ఖాళీ గడులను చూస్తూ నోరు మూసుకున్న తన మీదా.

శుక్రవారం ఆ అంకెలు చూసి సీతారామరావు గారు పిలిపించారు. గదిలో ఎదురు కుర్చీలో భీమారావు కూర్చుని టీ తాగుతున్నాడు. హెడ్డుగారు కబురు పెడితే షిఫ్టు దిగి స్కూటరు మీద నేరుగా వచ్చాడట. ఆమెకు కుర్చీ లేదు.

"వంటింట్లో చేస్తే ప్రయోగం అవుతుందా అమ్మా? పొగ, పోపు, మసి!" అన్నారు హెడ్డుగారు.

"మంచినీళ్ల గుడ్లు కూడా ఆ పోపు పక్కనే ఉన్నాయి సార్. అవి బాగానే ఉన్నాయి."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు. "చూడమ్మా, వచ్చే నెల లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ. బోర్డులో నేనుంటాను. ఇన్నాళ్లూ లేనిది, రెండో పేరుగా నీ పేరు కూడా వేస్తాను. పేపరు ఉన్నదున్నట్టు ఒప్పుకుని సంతకం పెట్టు చాలు."

"పెట్టీయ్" అన్నాడు భీమారావు. "సారంతటోరు సెప్తన్నారు. బస్, ఖతం. నీ పెల్లాం వంటింట్లో చేపలాసుపత్రి పెట్టిందంట గదరా అని క్యాంటీన్లో నవ్వుతన్నారు నన్ను."

తొమ్మిదేళ్లుగా ఆ పోస్టు కోసమే ఆమె బతికింది. బల్ల మీద పేపరు మూడు ప్రతులున్నాయి. పై ప్రతి మత్స్యశాఖకు పోయేది. అది వెళితే చెరువు చెరువుకూ ఈ మందు వెళుతుంది. ఆమె ఆ ప్రతిని తన వైపు లాక్కుంది. 'దోషం లేదు' అన్న మాటలన్నీ కొట్టేసి తన అంకెలు వేసింది. 'క్షేమం' అన్నదాన్నీ కొట్టేసింది.

సీతారామరావు గారు అరవలేదు, నవ్వారు. "బాగుంది. మూడేళ్లపాటు ఆ గంటలు ఎందుకు చూడలేదని అడుగుతారు. రాసింది నీ చెయ్యి, నిర్లక్ష్యమూ నీదే. కారణం ఏం రాస్తావు, చెప్పు?"

"రాస్తాను సార్. మత్స్యశాఖకు పోస్టు కూడా నేనే చేస్తాను" అంది పద్మకుమారి. భర్త పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, పట్టిక కింద గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టింది:

'మొదటి నాలుగు గంటలు గుడ్లను ఎవరూ చూడలేదు. చూడవలసిన మనిషి ఆ వేళ ఇంట్లో వంట చేస్తోంది.'